నా కాలు విరగ్గొట్టిన అత్త

మా మేనత్త పోయింది. క్రోసూరు బడిలో నేను పాఠం చెబుతుంటే మా ఊరి మనిషొకడు సైకిలు మీద వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "మీ అత్త తెల్లారుజామున పోయింది. కల్లంలో మిరపకాయలు ఎత్తతా పడిపోయింది" అన్నాడు. పిల్లల్ని ఇళ్లకు పంపేసి అతని వెంటే బయలుదేరాను. ఆమెకు తలకొరివి పెట్టాల్సింది నేనే. కన్నకొడుకు లేడు. ఎందుకు లేడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నేను అబద్ధం చెప్పలేను, మా అత్త కొట్టేది. నోటికంటే చెయ్యి ముందు లేచేది. మొండికేసిన గేదెనీ, తూకంలో మోసం చేసిన షావుకారునీ ఒకే తీరుగా చూసేది. మా అమ్మా నాన్నా ఒకే వారంలో కలరాకు పోతే, ఏడేళ్ల నన్ను చంకనేసుకుని తన ఇంటికి తెచ్చింది. దారి పొడుగునా ఏడుస్తున్నానని నాలుగు తగిలించింది కూడా. కొట్టిన చేత్తోనే వెన్న కలిపి జొన్నన్నం పెట్టేది. ఆ ముద్ద రుచి తెలిసినవాణ్ణి కనుక ఆమె చేతిని తప్పు పట్టలేను.

ఆమె కొడుకు, అంటే మా బావ, నాకంటే రెండేళ్లు పెద్ద. నాలుగో క్లాసుతో చదువు మాని అరక పట్టాడు. నాకు చదువు అబ్బింది. స్కూలు ఫైనలు పాసయ్యాక గుంటూరు కాలేజీలో చేరడానికి స్కాలర్షిప్పు వచ్చింది. అది రావడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఒక ఎత్తు. కాగితంలో మూడు షరతులుండేవి. ఏ పరీక్షా తప్పకూడదు. నూటికి డెబ్బై అయిదు పాళ్లు హాజరుండాలి. నడవడి మంచిదని సర్టిఫికెట్టు తేవాలి, పోలీసు కేసులో పేరుంటే ఆ రోజుతో సరి. అత్తకు చదువు రాదు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ కాగితం చదివించుకుని వినేది. తరవాత తనే నాకు అప్పజెప్పేది. "దెబ్బ మానుద్ది గానీ కేసు మానదురా" అనేది.

ఆ ఏడు శివరాత్రికి ఊరొచ్చాను. మా ఊళ్లో రెండు పార్టీలు, కోటప్పకొండ తిరనాళ్లకు బండ్ల మీద ఎత్తుగా కట్టే వెదురు ప్రభలూ రెండు. ఏ ప్రభ ముందు కదలాలన్న దాని మీద మా తాతల నాటి నుంచి తలలు పగులుతూనే ఉన్నాయి. దేవుడికి ఏ ప్రభ ముందొచ్చినా ఒకటే, మాకు మాత్రం కాదు. దెబ్బలాట ఉందంటే ఇంటికొక మనిషి రావాలి. రాని ఇంటికి ఆ తరవాత నిప్పూ లేదు, నీళ్లూ లేవు, కోతలకు కూలీలూ రారు. ముందటేడు బావ వెళ్లాడు. ఈసారి నా వంతన్నాడు మా పార్టీ పెద్ద. "చదువుకున్నోడికి బరిసె బరువుగా ఉంటదేమో" అని రచ్చబండ దగ్గర ఎవడో నవ్వాడు. నాకు పంతొమ్మిదేళ్లు. ఆ నవ్వు చాలింది. చూరులో ఉన్న బరిసె దించాను.

అత్త వడ్లు దంచుతోంది. "యాడికి?" అంది.

"వంతు నాది అత్తా."

రెండోమాట లేదు. చేతిలో ఉన్న రోకలి నా ఎడమ చీలమండ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పడిపోయి అరుస్తుంటే బరిసె లాక్కుని గోడవతల పారేసింది.

అరుపులకు పార్టీ పెద్ద లోపలికొచ్చాడు. నా కాలు చూశాడు, రోకలి చూశాడు. "ఏంది అక్కా ఇది? మరి మీ ఇంటి మనిషి?"

అత్త గొడ్లచావిడి వైపు చూసింది. బావ అప్పటికే వచ్చి నిలబడ్డాడు. "నా కొడుకొస్తాడు" అంది.

బావ తలగుడ్డ చుట్టుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. "ఊరుకోరా. మా అమ్మ కంటే గట్టిగా కొట్టేటోళ్లు ఆళ్లలో ఎవరున్నారు?" అన్నాడు. నన్నెత్తి మంచం మీద పడుకోబెట్టి వెళ్లిపోయాడు.

పొద్దు వాలకముందే బావను బండి మీద తెచ్చారు, ప్రాణం లేదు. గొడ్డలి దెబ్బ తల మీద పడి చెవి దాకా దిగింది. పొట్టలో బరిసె పోటు. బండి పలకల సందుల్లోంచి నెత్తురు వాకిట్లో కారింది. అత్త ఏడవలేదు. బావ మొహం కడిగింది, తల కలిపి పట్టి తన చీర చెంగు చింపి కట్టింది. తరవాత లేచి పార్టీ పెద్ద చెంప మీద అందరి ముందూ కొట్టింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

మూడోనాడు ఇన్స్పెక్టరు వచ్చాడు. మా వైపు ఒక అలవాటుంది. కేసు పెట్టేటప్పుడు దెబ్బలాటకొచ్చిన వాళ్లతో పాటు, అవతలి పార్టీలో చదువుకుంటున్న కుర్రవాళ్ల పేర్లు కూడా రాయిస్తారు. చంపలేనివాడి చదువు చంపితే చాలునని. అవతలివాళ్లిచ్చిన జాబితాలో నా పేరు మూడోది. ఇన్స్పెక్టరు నా కాలి చుట్టూ ఎముకలు కట్టే సాయిబు వేసిన వెదురు బద్దలు చూసి, "ఈ దెబ్బ ప్రభల దగ్గర తగిలిందేనా?" అన్నాడు.

"కాదు. నేనే కొట్టా. ప్రభ కదలకముందే కొట్టా. రోకలి అదుగో, ఊరంతా చూసింది" అంది అత్త.

"కాలు విరగ్గొట్టడం కూడా కేసేనమ్మా."

"అయితే నా పేరు రాసుకో అయ్యా. ఆడి పేరు కొట్టెయ్."

ఆయన ఇద్దరు సాక్షుల్ని పిలిచి అడిగాడు. నా పేరు కొట్టేశాడు, ఆమె పేరు రాయలేదు.

నా స్కాలర్షిప్పు నిలిచింది. బి.ఏ. పాసయ్యాను, ఈ ఉద్యోగం వచ్చింది. ఆ తరవాత ఎన్నిసార్లు ఊరెళ్లినా, నీ మూలంగా నా కొడుకు పోయాడని ఆమె అనలేదు. ఒక్కసారి అని ఉంటే బాగుండేది. నేను కాళ్ల మీద పడి ఏడ్చేవాణ్ణి. ఆ అవకాశం ఆమె నాకివ్వలేదు.

ఇన్స్పెక్టరు వెళ్లిన మర్నాడే నన్ను గుంటూరు పంపడానికి బండి కట్టించింది. ఇంకో వారం మానితే హాజరు చాలదని ఆమెకు తెలుసు. నాకు ఒళ్లు మండింది. "పెద్దకర్మన్నా కానియ్ అత్తా. బావకు నేను అంతమాత్రం కానా?" అన్నాను.

"చచ్చినోడికి హాజరు లేదురా. నీకుంది" అంది.

నరసరావుపేట స్టేషను దాకా మట్టిబాట. చక్రం గాడిలో పడ్డప్పుడల్లా ప్రాణం పోయేది. ఊరు దాటక ముందే అత్త వచ్చి బండి వెనక చేరింది. కొడుకు చితి చల్లారి రెండు రోజులైనా కాలేదు. ఎక్కి కూర్చోమంటే కూర్చోలేదు. బండి వెనకే నడుస్తూ, కట్టు కట్టిన నా కాలిని రెండు అరచేతుల్లో పట్టుకుంది. బండి ఎగిరినప్పుడు ఆ చేతులూ ఎగిరేవి, దిగినప్పుడు దిగేవి. స్టేషను వచ్చేదాకా నా మడమ బండి పలకకు తగల్లేదు.