డ్రిల్ బిట్టుకంటిన ఎర్రపొడి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండాకాలం. కోట అనే ఊరి నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటల పక్కనున్న ఒక డాబా ఇంట్లో హోమ్ థియేటర్ బిగించడానికి వెళ్లాను. నెల్లూరులో నేను ఈ పని మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఎన్నో ఇళ్లలో స్పీకర్ బాక్సులు పెట్టాను. కానీ ఆ ఇల్లు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

యజమాని రమణయ్యది రొయ్యల సాగు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, ఎనభైకి దగ్గరపడిన తల్లి. ఆమెను అందరూ అవ్వ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను.

మా పనిలో మొదటి లెక్క త్రిభుజం. ముందుండే రెండు స్పీకర్లు, వినేవాడి కుర్చీ, ఈ మూడింటి మధ్య దూరాలు సమానంగా ఉండాలి. ఆ కుర్చీ చోటును స్వీట్ స్పాట్ అంటాం. అక్కడ కూర్చుంటే మాట తెర మీది మనిషి నోట్లోంచే వచ్చినట్టు ఉంటుంది. ఒక బాక్సు ఫ్రిజ్ మీద, ఇంకొకటి తలుపు వెనక పెట్టుకుని "ఎఫెక్ట్ రావడం లేదన్నా" అని ఫోన్ చేసే మహానుభావులు నాకు బాగా తెలుసు.

రమణయ్య పైకప్పుకు కూడా రెండు స్పీకర్లు అడిగాడు. స్వీట్ స్పాట్‌కు దాదాపు నెత్తిన కొలత పెట్టి డ్రిల్ ఆనించాను. కాంక్రీటు అయితే బూడిదరంగు పొడి రాలాలి. ఎర్రటి పొడి రాలింది, కొంచెం చెమ్మగా. వేలితో తట్టి చూస్తే డొల్ల చప్పుడు. స్లాబు లోపలి ఇనుప కడ్డీ తుప్పుపట్టిందని ఆ క్షణంలోనే తెలిసింది. జానెడు పక్కకు జరిగి మళ్లీ వేశాను. అక్కడ గట్టిగా ఉంది. మొదటి రంధ్రాన్ని పుట్టీతో పూడ్చి, బిట్టు గుడ్డతో తుడిచేశాను. ఇల్లు చూడడం నా పని కాదనుకున్నాను. చెబితే పని ఆగుతుంది, మళ్లీ ఇంత దూరం రావాలి. నిజం చెప్పాలంటే అంతే.

మధ్యాహ్నం సబ్ వూఫర్ వంతు వచ్చింది. గుండెకు తగిలే లోతు శబ్దాల కోసం పెట్టే పెద్ద పెట్టె అది. దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చడానికి టెస్ట్ టోన్ వేస్తాం. ఒకే మోత మెల్లగా లోతుకు దిగుతూ పోతుంది, ఏ మోతకు ఏ వస్తువు అదురుతుందో కనిపెడతాం. అవ్వ తలుపు దగ్గర నిలబడి వింతగా చూస్తోంది. నేనే చెయ్యి పట్టుకుని తెచ్చి స్వీట్ స్పాట్ కుర్చీలో కూర్చోబెట్టాను.

"అవ్వా, ఈ ఇంట్లో మహారాణి సీటు ఇదే."

నవ్వింది. మోత కిందికి దిగుతున్నకొద్దీ ఆ నవ్వు పోయింది.

"నాయనా, గుండెకాయ దడదడ కొట్టుకుంటా ఉండాది. ఆపు."

"రెండు నిమిషాలు కదలకుండా కూర్చో అవ్వా. అలవాటైపోతుంది."

"నీ అలవాటు నువ్వే పెట్టుకో. ఇదేం పాట? ఎనుము ఈనేటప్పుడు మూలిగినట్టుండాది."

లేవబోయింది. నేను భుజం మీద చెయ్యి వేసి ఆపాను. అవును, ఆపాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. ఆమె నా చెయ్యి విదిలించుకుని విసవిసా వంటింట్లోకి పోయింది. నాకు ఉక్రోషం వచ్చి వాల్యూమ్ ఇంకొంచెం పెంచాను.

పైన పటపటమంది. తలెత్తేలోగా తలుపు రెక్కలో సగమంత పెచ్చు ఊడి కుర్చీ మీద పడింది. హాలంతా దుమ్ము. దుమ్ము తగ్గాక చూస్తే కుర్చీ లేదు, నేలకు అణిగిన ప్లాస్టిక్ ముక్కలున్నాయి. పైన తుప్పుతో ఉబ్బి పొరలు పొరలుగా విచ్చిన కడ్డీలు కనబడుతున్నాయి. టోన్ ఇంకా మోగుతూనే ఉంది, దాన్ని ఆపాలని కూడా తోచలేదు.

రమణయ్య చప్పుడు విని గుంటల దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, వంటింట్లోంచి వచ్చిన తల్లిని పట్టుకుని ఏడ్చేశాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"మా నాయన కట్టించిన ఇల్లన్నా ఇది. వాకిట్లోనే దిబ్బలకు దిబ్బలు ఇసుకుంటే ఏటి ఇసుక ఎందుకని సముద్రం ఇసుకతోనే స్లాబు పోయించినాడు. ఆ ఉప్పే తినేసినట్టుండాది. పిల్లోళ్లు ఈడనే పండుకుంటారన్నా. నువ్వు టెస్టు పెట్టబట్టి బయటపడింది. దేవుడల్లే వచ్చినావు."

రెండు చేతులూ జోడించాడు. ఆ నమస్కారం తీసుకుని వచ్చేయవచ్చు. ఎవరికీ తెలియదు. నావల్ల కాలేదు.

"పొద్దున డ్రిల్ వేసేటప్పుడే తుప్పు చూసినాను రమణయ్య గారూ. పుట్టీ పెట్టి మూసేసినాను."

ఆయన చేతులు కిందికి దిగాయి. అవ్వ నా ముఖంలోకి చూసింది.

"తెలిసే నన్ను దాని కింద కూచోబెట్టినావా నాయనా?"

కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

స్లాబు పగలగొట్టి కొత్తగా పోయించుకున్నారని, స్పీకర్లు వేరే వాళ్లతో బిగించుకున్నారని తర్వాత విన్నాను. ఆయన చోట నేనున్నా అదే చేసేవాణ్ణి.

ఇప్పుడు తీరం వెంబడి ఏ ఇంటికి వెళ్లినా ముందు పైకప్పు తట్టి చూస్తాను. ఎర్రపొడి రాలితే పని ఆపి, యజమానిని పిలిచి, అరచేతిలో పోసి చూపిస్తాను. మొన్న జువ్వలదిన్నెలో ఒకాయన మండిపడ్డాడు. "బాక్సులు పెట్టేదానికొచ్చినావా, కొంప పడగొట్టేదానికొచ్చినావా?" అని అప్పటికప్పుడే పంపేశాడు. సామాన్లు సర్దుకుంటుంటే ఆయన భార్య మంచాన్ని ఆ కప్పు కింద నుంచి పక్కకు లాగడం కనబడింది. నాకు అది చాలు.