తోడికోడలి మాట

నాచారంలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద బావగారు, మా తోడికోడలు, పైన మేం. ఆవిడను నేను అక్కా అని పిలుస్తాను. మంచి మనిషి. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. ఎందుకంటే మూడున్నరేళ్ల నా కొడుకు ఆవిడ మాట వింటాడు, నా మాట వినడు.

నేను ఇక్కడే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున్నే వాణ్ణి కింద అప్పగించి, సాయంత్రం తెచ్చుకుంటాను. నా పుట్టిల్లు కాకినాడ, అక్కది ఈ ఊరే. నా కడుపున పుట్టినవాడు నాతోనే అక్క యాసలో "జర ఆగమ్మా" అంటాడు. అందరూ ముద్దొస్తున్నాడని నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

వాడికి మోటారు స్విచ్చంటే పిచ్చి. నల్లా నీళ్లు వచ్చి సంపు నిండగానే పీట లాక్కొచ్చి ఎక్కేవాడు. నేను మెట్ల మీదనుంచే "ముట్టుకోకు! షాక్ కొడుతుంది!" అని కేకేసేదాన్ని. చెయ్యి పట్టి లాగితే నేలమీద పడి పొర్లేవాడు. ఒకరోజు ఆ గోలకు అక్క బయటికొచ్చింది. వాడి పక్కనే గొంతుక్కూచుంది.

"స్విచ్చి పెద్దోళ్లది బిడ్డా. నువ్వు ముట్టొద్దు. నీకు వేరే పనుంది. గా పైపు సూడు. అండ్లకెల్లి నీళ్లు పడంగనే నాకు చెప్పాలె. నువ్వు చెప్పకుంటే నీళ్లన్నీ ఆగమైతయి."

ఏడుపు టక్కున ఆగిపోయింది. అక్క మోటారు వేసింది. మెడ నొప్పి పుట్టేదాకా వాడు డాబా మీది ట్యాంకు నిండితే నీళ్లు పొర్లే పైపు వైపే చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు పడ్డాయో లేదో, గల్లీ అంతా వినబడేలా "నిండింది పెద్దమ్మా, బందు చెయ్యి!" అని అరిచాడు. ఆవిడ పరుగున వచ్చి ఆపి, "నువ్వుంటే నాకు ఫికరే లేదు" అంది. వాడి మొహం వెలిగిపోయింది. నా కడుపు భగ్గుమంది. ఆ పైపు నాకెందుకు కనబడలేదు?

అప్పట్నించీ ఆవిడనే గమనించడం మొదలుపెట్టాను, నేర్చుకుందామని కాదు, తప్పు దొరక్కపోతుందా అని. దొరకలేదు. వాడు గ్లాసు విసిరితే, "గ్లాసు తాగనీకి, ఇసరనీకి బంతి" అని బంతి చేతికిచ్చేది. వద్దని ఒక్కసారే చెప్పేది. చెప్పాక అక్కణ్ణించి కదిలేది కాదు. నేనైతే వద్దు వద్దంటూనే కుక్కరు వైపు నడుస్తాను.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఓ ఆదివారం నేనూ మొదలుపెట్టాను. వాడు గోడ మీద స్కెచ్ పెన్నుతో గీస్తున్నాడు. "గోడ మీద కాదు నాన్నా, కాగితం మీద" అన్నాను తేనె పూసిన గొంతుతో, చేతిలో ఫోను చూసుకుంటూ. వాడు నన్నోసారి చూసి ఇంకో గీత గీశాడు. తర్వాత ఇంకోటి. నా తేనె అక్కడికి అయిపోయింది. అరిచాను.

"పెద్దమ్మ అరవది" అన్నాడు వాడు.

"అయితే పోయి మీ పెద్దమ్మ దగ్గరే ఉండు!"

వాడు చెప్పులు వేసుకున్నాడు. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. చకచకా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. ఆ గోడ తుడుస్తూ నేను ఏడ్చాను. ఇక వీడు నాకు దక్కడేమో అనిపించింది.

తర్వాత కొన్నాళ్లకు, సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తున్నాను. వాడు ట్యాంకు ఇనుప నిచ్చెన రెండో మెట్టు ఎక్కేశాడు. చేతిలో బట్టలు అక్కడే పడేసి వాడి పక్కకెళ్లి నిలబడ్డాను.

"నిచ్చెన ఎక్కకూడదు. నువ్వే దిగుతావా, నేను దించనా?"

వాడు మూడో మెట్టు మీద కాలేశాడు. నేను అరవలేదు. ఎత్తి దించేశాను. తన్నాడు, గుద్దాడు, "పెద్దమ్మా!" అని గొంతు చించుకున్నాడు. అక్క ఆయాసపడుతూ పైకొచ్చింది. వాడు నా చంకలోంచి ఆవిడ వైపు రెండు చేతులూ చాచాడు. ఇప్పుడు గనక ఎత్తుకుందంటే ఇక నా పని సరి అనుకున్నాను. వాణ్ణి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ చేతులు చాచలేదు. కొంగు బొడ్లో దోపుకుని అక్కడే ఆగింది.

"ఏమైంది బిడ్డా?"

"అమ్మ ఎక్కనిస్తలేదు!"

"అమ్మ వద్దన్నదా? అయితే వద్దు. అమ్మ మాట నా మాటకంటె పెద్దది. నేను గూడ ఇంటా."

కింద పడ్డ బట్టలు ఏరి, దులిపి, భుజాన వేసుకుని ఆవిడ దిగిపోయింది. వాడు ఇంకాసేపు వెక్కి, మెల్లగా నా మెడలో మొహం పెట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాడు. ఆవిడకు దణ్ణం పెట్టాల్సిన క్షణం అది, నాకు తెలుసు. కానీ నాలో రేగింది మళ్లీ ఆ మంటే. నా కొడుకు మొదటిసారి నా మాట విన్నాడు, ఆవిడ వినమంది కాబట్టి.