అస్థికి దీర్ఘం పెట్టారు

మా ఆయన జన్మలో రాసిన ఒకే ఒక్క సంగీత నాటకం ఒక దొంగతనం గురించి. అందులో దొంగలెత్తుకుపోయేది బంగారం కాదు, ఒక మహా విద్వాంసుడి అస్థికల కుండ. వినగానే మొహం చిట్లించిన వాళ్లకి ఆయన ఓపిగ్గా కథ చెప్పేవారు. పూర్వం ఒక సంస్థానంలో పేరుమోసిన వాగ్గేయకారుడు పోతాడు. శిష్యుడు అస్థికలు నదిలో కలపడానికి బయల్దేరి, దారిలో సత్రంలో ఆగి, "ఇందులో గురువుగారి అస్థి ఉంది, జాగ్రత్త" అని కుండ అప్పగిస్తాడు. చాటున ఉన్న ఇద్దరు దొంగలకి అది "ఆస్తి" అని వినబడుతుంది. ఎత్తుకుపోతారు. అక్కణ్ణుంచి అంతా పంపకాల గొడవే. వాళ్లు తగువులాడుకుంటూ పాడే పాట శ్రుతి తప్పుతుంటే భరించలేక చివరికి విద్వాంసుడి దయ్యమే దిగి వస్తుంది. పాట పాడుతూ తన ఎముకలు తనే పంచిపెడుతుంది.

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో, మా అపార్ట్‌మెంట్ హాల్లోనే రిహార్సల్స్ జరిగేవి. సోఫా గోడకి జరిపి, డైనింగ్ టేబుల్ మడిచి, ఆయన హార్మోనియం ముందు కూర్చునేవారు. కింది ఫ్లాట్ ఆవిడ చీపురు కర్రతో సీలింగ్ పొడిచేది. ఆ పొడుపులకి కూడా తాళం కుదుర్చుకుని వాయించే మనిషి ఆయన. పగలంతా ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇంకొకరి తప్పులు పట్టడం. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేది. ఉప్మా కలుపుతూ నేనేదో కూనిరాగం తీస్తే, వంటింట్లోకి వచ్చి ఆ ఒక్క స్వరం సరిచేసి వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది.

పెద్ద దొంగ వేషం వేసింది ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. నర్సింగ్ చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. అందుకని ఆమె డైలాగులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చారు. నాటకం మొత్తం ఒక దీర్ఘం మీద నడుస్తుంటే, ఆ పిల్ల అస్థి అనాల్సిన చోట ఆస్తి, ఆస్తి అనాల్సిన చోట అస్థి అనేది. ఒక్కోసారి రెండింటికీ మధ్యలో ఏదో అనేది.

"రెండూ సేమ్ సౌండ్ కదా అంకుల్?"

"సేమ్ ఎలా అవుతుందమ్మా? దీర్ఘం పెడితే డబ్బు, పెట్టకపోతే బూడిద. ఏదీ, ఆ అను."

"ఆ..."

"డెంటిస్ట్ దగ్గర అన్నట్టు కాదు తల్లీ. పదెకరాలు కలిసొచ్చినట్టు అను."

అందరం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వేది.

చలి ఇంకా తగ్గకముందే, ఒక శనివారం పొద్దున, కారు అద్దం మీద మంచు గీకుతూ ఆయన పార్కింగ్ లాట్‌లో పడిపోయారు. హాస్పిటల్‌కి చేరేసరికే లేరు. యాభై కూడా నిండలేదు. మా మరిది వచ్చి అస్థికలు తీసుకెళ్లి గోదావరిలో కలిపాడు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో హార్మోనియం, ఆయన చెప్పులు, ఆ నాటకం మిగిలాయి.

ఏడవడం నాకొకరు నేర్పక్కర్లేదు. కారులో ఏడ్చాను, కాస్ట్‌కోలో బియ్యం బస్తాల ముందు నిలబడి ఏడ్చాను. కానీ ఆ నాటకం మాత్రం ఆడాలనుకున్నాను. హాలు నిండా జనం దయ్యం పాటకి ఒక్కసారి పగలబడి నవ్వాలి. ఆయన రెండేళ్లు కూర్చుని కట్టింది ఆ నవ్వు కోసమే. అది నా చెవులతో నేను వినాలి. ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

మా తెలుగు సంఘం కల్చరల్ సెక్రటరీ ఒకరోజు పప్పు, చారు డబ్బాలు పట్టుకుని వచ్చాడు. మంచివాడే. మా ఆయన్ని సొంత అన్నలా చూసుకున్నాడు.

"వదినా, డ్రామా క్యాన్సిల్ చెయ్యట్లేదు. ఉగాదికి అన్నయ్యకి ట్రిబ్యూట్‌గా వేస్తున్నాం," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది.

"చిన్న ఛేంజ్ చేశాం. కుండలో అస్థికలు తీసేసి నగలు పెట్టాం. పండగ రోజు స్టేజీ మీద ఆ మాట బాగోదు కదా. అంతటా ఆస్తి అనే ఉంచాం. దయ్యం సీన్, ఆ పాట లేపేశాం."

"అవి లేపేస్తే ఇంక నాటకంలో ఏముంది?"

"మీరు ముందు వరసలో కూర్చునుంటే, వాళ్లు స్టేజీ మీద ఎముకలు పంచుకుంటుంటే, చూసేవాళ్లకి ఎలా ఉంటుంది వదినా?"

"చూసేవాళ్ల సంగతి నాకెందుకు? నాకు బాగుంటుంది. నేనే అడుగుతున్నాను కదా."

"మీరిప్పుడు షాక్‌లో ఉన్నారు. తర్వాత మీరే అర్థం చేసుకుంటారు."

షాక్‌లో ఉన్నానట! మొగుడు పోయినదాన్ని కాబట్టి నా మాట ఇప్పుడు జ్వరంలో కలవరింతతో సమానం. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా "కమిటీ డెసిషన్ వదినా" అన్నాడు. ప్రతిసారీ అంత మెత్తగా అంటుంటే గట్టిగా తిట్టడానికి కూడా సందు దొరకలేదు. దొంగ వేషం అమ్మాయి ఒక సాయంత్రం వచ్చింది. "ఇప్పుడు నాకు ఈజీ ఆంటీ, ఒకే వర్డ్," అంటూనే కళ్లు తుడుచుకుంది. దాన్నేమంటాను?

ఉగాది సభ ఒక హైస్కూల్ ఆడిటోరియంలో జరిగింది. పేపర్ కప్పుల్లో పచ్చడి, స్టేజీ మీద పంచాంగం. ఏడాది తిరక్కుండా ఈవిడ పండక్కి రావచ్చా అని వెనక ఎవరో గొణిగారు. వినబడనట్టు ముందు వరసలో కూర్చున్నాను.

నాటకం సాఫీగా సాగింది. దొంగలు నగల కుండ ఎత్తుకెళ్లారు. భటులు పట్టుకున్నారు. నగలు తిరిగొచ్చాయి. ఆ అమ్మాయి "ఆస్తి" అన్నప్పుడల్లా దీర్ఘం నిండుగా పలికింది, ఆయన అడిగినట్టే. కానీ ఆస్తిని ఆస్తి అంటే నవ్వడానికేముంది? జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. తర్వాత స్క్రీన్ మీద మా ఆయన ఫోటోలు, వెనకాల ఏడుపు ఫ్లూటు. ఆయనకి ఫ్లూటు అంటే చిరాకు. నాకెంత కోపం వచ్చిందంటే ఏడుపు కూడా రాలేదు.

నన్ను స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పి "రెండు మాటలు" అని మైకు ఇచ్చారు. "మీరు చూసింది మా ఆయన రాసిన నాటకం కాదు," అన్నాను. కుండలో ఏముండాలో చెప్పాను. అస్థికీ ఆస్తికీ మధ్య తేడా చెప్పాను. పాట నేనే పాడతానన్నాను. సెక్రటరీ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

*గొంతు నీకు, గోరు నాకు,*
*తాళం వేసిన చెయ్యెవరికి?*
*తప్పు పాడితే తన్నిన కాలు*
*తమ్ముడూ అది నీకే నీకే!*

"గొంతు నీకు" అన్నప్పుడే ముందు వరసలో ఎవరో వెక్కారు. నేను ఆపలేదు. దొంగలిద్దరి గొంతులూ నేనే పెట్టాను, దయ్యం ముక్కుతో మాట్లాడినట్టు మాట్లాడాను. "తన్నిన కాలు" దగ్గర ఆయన రిహార్సల్‌లో చేసినట్టే చీర కుచ్చిళ్లు పట్టుకుని కాలు విసిరాను. రిహార్సల్‌లో అక్కడ నవ్వలేక కూలబడిపోయేవాళ్లు. ఇక్కడ ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మగవాళ్లు కళ్లజోళ్లు తీశారు. చరణం పూర్తయ్యేసరికి హాలంతా లేచి నిలబడి ఏడుస్తోంది.

ఆ అమ్మాయి దొంగ మీసంతోనే పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

"నవ్వవే తల్లీ. ఇది నవ్వే పాటే," అన్నాను దాని చెవిలో.

"ఎలా నవ్వను ఆంటీ? అంకుల్ లేరు కదా," అంది.

సెక్రటరీ నా చేతిలోంచి మైకు తీసుకుని, అన్నయ్య పాట మనందరి గుండెలూ పిండేసిందని చెప్పాడు. మళ్లీ చప్పట్లు. ఇరవయ్యేళ్లుగా ఆయన కట్టిన పాటలు విన్నాను. వాటికి ఎవరైనా ఏడవడం నేను చూడటం అదే మొదలు.