పెద్దాయన వీపు

కత్తెరక్క చేతిలో కత్తెర ఉండదు. ఫ్లెక్సీలు వేసే కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోటోల్లోంచి మనుషుల్ని అంచు వెంట కత్తిరించి వేరు చేయడం ఆమె పని. పెళ్లికొడుకు వెనక ఆరేసిన బట్టలు కనిపిస్తే తీసేస్తుంది. పోయినవాళ్ల ఫోటోలో పక్కవాళ్ల చెయ్యి భుజం మీద మిగిలిపోతే చెరిపేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. చెవి చుట్టూ, చెదిరిన జుట్టు చుట్టూ ఆమె కత్తిరించినంత సాఫుగా ఊళ్లో ఇంకెవరూ కత్తిరించలేరు. ఎవరైనా ఆ మాట అంటే కాదనదు, అంత వినయం ఆమెకు లేదు.

ఆమె అందరికంటే ఎక్కువసార్లు కత్తిరించింది పెద్దాయన్ని. పెద్దాయనంటే అధికారంలో ఉన్న నాయకుడు. ఆయన పుట్టినరోజుకు ఫ్లెక్సీ, ఆయన మనవడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ, రోడ్డు మీద గుంత పూడిస్తే ఫ్లెక్సీ, మళ్లీ తవ్వితే ఇంకోటి. పార్టీ ఆఫీసు పంపేవి మాత్రం అవే ఏడు ఫోటోలు. ఏడింట్లోనూ ఆయన మనకేసే చూస్తుంటాడు.

ఒక మధ్యాహ్నం ప్రింటర్ వేడెక్కి ఆగిపోయింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కదా, పెద్దాయన ఫోటో ఒకటి తీసి పక్కన పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: ‘ఈయన వీపు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇరవై ఏళ్లుగా ముందువైపే చూపిస్తున్నారు. వెనక ఉన్నది కర్రలూ మేకులూ. ఈయన మనిషి కాదు, కటౌట్. నిజం దాస్తున్నారు!’ తనలో తనే నవ్వుకుని చెల్లెలికి పంపింది. ఒక్క చెల్లెలికే.

చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. మనిషి బంగారం, కానీ కడుపులో మాట నిలవదు. “నీ పేరు పెట్టలేదులే అక్కా” అంటూ రాత్రికల్లా వార్డు మొత్తానికీ పంచిపెట్టింది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. మూడు రోజుల్లో దేశమంతా పెద్దాయన వీపు కోసం వెతుకులాట మొదలైంది. సభలో ఆయన కుర్చీకి అంత ఎత్తు వీపెందుకని ఒకడు అడిగాడు. ఆయన ఎప్పుడూ గోడకు ఆనుకునే నిలబడతాడని ఇంకొకడు పదహారు ఫోటోలు పక్కపక్కన పేర్చి చూపించాడు. ‘ఆయనకు క్షవరం చేసే సోదరా, నువ్వైనా నోరు విప్పు’ అని మరొకడు మొరపెట్టుకున్నాడు. జనం పడీ పడీ నవ్వారు.

నవ్వనిది కత్తెరక్క ఒక్కతే. పక్క వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అతను ఇలాంటి బొమ్మే ఒకటి పదిమందికి పంపాడని రెండు రోజులు పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టారు. తిరిగొచ్చాక అతను కొట్టు తెరవలేదు, ఏం జరిగిందని అడిగితే చెప్పనూ లేదు. ఆ మౌనమే ఆమెను ఎక్కువగా భయపెట్టింది. అన్నం ముద్ద గొంతు దిగడం మానేసింది. బయట బండి ఆగిన చప్పుడైతే చాలు, లేచి వెళ్లి తలుపు సందులోంచి చూసేది.

వారం తిరిగాక తన బొమ్మను మళ్లీ తీసి చూసుకుంది. అప్పుడు కనిపించాయి, నాలుగు మూలలా నాలుగు చిన్న సున్నాలు.

ఫ్లెక్సీకి తాడు కట్టాలంటే మూలల్లో ఇనుప రింగులు కొట్టాలి. ఎక్కడ కొట్టాలో తెలియడానికి డిజైన్లోనే గుర్తులు పెడతారు. మిగతా కొట్లవాళ్లు ప్లస్సు పెడితే, కత్తెరక్క సున్నా పెడుతుంది, అంచుకు రెండు వేళ్ల ఎడంగా. అరచేతిలో చూసుకునే బొమ్మకు తాడెందుకు, రింగులెందుకు? కానీ ఇరవై రెండేళ్ల అలవాటు ఆమెను అడగలేదు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. సంతకం పెట్టి, వేలిముద్ర కూడా వేసి పంపినట్టే అయింది.

ఆ మర్నాడే పార్టీ కార్యదర్శి కొట్టుకొచ్చాడు. వస్తూనే ఓనరు బల్ల మీద ఫోన్ పెట్టి, మూలనున్న సున్నాను వేళ్లతో పెద్దది చేశాడు.

“ఇదేంటో చెప్పండి.”

ఓనరు చూశాడు. ఆయన తలకు సరిగ్గా పైన గోడకు కొట్టు ఫ్లెక్సీ అంటించి ఉంది, ‘శుభకార్యాలకు తక్కువ ధరలు’ అని. రింగులు కొట్టలేదు గనుక దానికీ నాలుగు మూలలా నాలుగు సున్నాలు కనిపిస్తున్నాయి. కార్యదర్శి తల ఎత్తితే చాలు. ఓనరు కళ్లు ఫోన్ మీంచి కత్తెరక్క మీదకి వచ్చాయి. ఆయనకు అర్థమైపోయిందని ఆమెకు అర్థమైంది.

“ఏదో మచ్చలా ఉంది సార్” అన్నాడు ఓనరు. గొంతు పిల్లి గొంతయింది.

“మచ్చా! నాలుగు మూలలా నాలుగు మచ్చలా?” కార్యదర్శి గొంతు తగ్గించాడు. “ఇది మా పార్టీలోనే ఆయనంటే గిట్టని ఆ నలుగురి పని. నలుగురు కలిసి పెద్దాయన్ని దించేస్తామని చెప్పుకునే గుర్తు ఇది. మావాళ్లు రాత్రంతా కూర్చుని కనిపెట్టారు.”

కత్తెరక్కకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండింటినీ మింగేసింది. ముక్కూ మొహం తెలియని నలుగురి నెత్తిన తన పాపం పడుతోందని తెలుసు. తెలిసినా నోరు మెదపలేదు. తర్వాత ఎన్నాళ్లో ఆ సంగతికి సిగ్గుపడింది కానీ, ఆ నిమిషంలో మాత్రం బతికానురా దేవుడా అనుకుంది.

“సరే, నేనొచ్చిన పని అది కాదు. రేపటికల్లా నలభై అడుగుల ఫ్లెక్సీ కావాలి, పెద్ద కూడలిలో కట్టాలి. పెద్దాయన జనానికి చెయ్యి ఊపుతుండాలి, మనకు వెనక నుంచి కనిపించాలి. వీపు చూపించి అందరి నోళ్లూ మూయిద్దాం” అన్నాడు కార్యదర్శి.

“ఫోటో ఇస్తారా సార్?” అంది ఆమె మెల్లగా.

“ఉంటే నీ దగ్గరికెందుకొస్తానమ్మా? వెనక నుంచి తీసిన ఫోటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఎవరూ తీయలేదు.”

“ఒక్కసారి ఆయన్ని అటు తిరగమంటే...”

“పెద్దాయన్ని అటు తిరగమని ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?” అని లేచాడు. “ఎవరి వీపో ఒకటి పెట్టెయ్. బయటికి పొక్కిందా, ఈ కొట్టు ఉండదు. అంతే.”

కార్యదర్శి బండి మలుపు తిరిగింది. తర్వాత ఓనరు కుర్చీ ఎక్కి గోడ మీది ఫ్లెక్సీ పీకి చుట్ట చుట్టాడు. “నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం చూళ్లేదు. నాకూ పిల్లలున్నారు తల్లీ” అన్నాడు.

బయటికి పొక్కకూడని వీపు ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో. ఆమె భర్త గ్యాస్ సిలిండర్లు మోసి ఇంటింటికీ వేసే మనిషి. ఆ సాయంత్రం ఆయనకు తెల్లచొక్కా తొడిగి గోడకేసి నిలబెట్టింది. ఫోటోలు తీస్తూ తీస్తూ సంగతంతా కక్కేసింది.

ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరగబోయాడు.

“ఎంత పని చేశావే” అన్నాడు. “ఇది తెలిసిందంటే పెద్దాయన వీపు సంగతేమో గానీ, మన వీపులు విమానం మోత మోగుతాయి.”

“తెలియదండీ. నేను చూసుకుంటాగా, కదలకండి.”

ఆ వీపును ఆమె తెల్లవార్లూ చెక్కింది. మెడ మీది కాలిన మచ్చ చెరిపేసింది. ఎండకు కమిలిన చర్మాన్ని తెల్లబరిచింది. వెంట్రుకలు మార్చింది, నడుం దగ్గర కాస్త కండ పెంచింది. ఈసారి మూలల్లో ప్లస్సులు పెట్టి, పెట్టినవి నాలుగుసార్లు లెక్కపెట్టుకుంది. చేస్తుండగానే ఒక మాట తోచి వేళ్లు ఆగిపోయాయి. నవ్వులాటకు తను అన్నది నిజమే కదా! పెద్దాయనకు నిజంగానే వీపు లేదు. రేపు జనం చూడబోయేదాన్ని తనే తయారు చేస్తోంది. ఇంతకు ముందైతే ఈ ముక్క చెల్లెలికి చెప్పకుండా గంట కూడా ఆగేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం కూడలిలో ఫ్లెక్సీ లేచింది. అన్నం టైములో కత్తెరక్క చూడ్డానికి వెళ్లింది. నలభై అడుగుల వీపు ఎండలో ధగధగలాడుతోంది. “ఉందిరోయ్ వీపు!” అని ఎవడో అరిస్తే అందరూ నవ్వారు. ఆ నవ్వులో అనుమానం లేదు. అన్ని రోజుల తర్వాత ఆమెకు ఊపిరి పూర్తిగా ఆడింది, ఆకలి కూడా వేసింది.

అప్పుడు ఫోన్ మోగింది. చెల్లెలి మెసేజ్.

‘అక్కా, టీవీలో చూసి నవ్వలేక చస్తున్నా. అచ్చం బావ వీపులా లేదూ? ఆ కుడిభుజం చూడు!’

కత్తెరక్క తలెత్తింది. పెద్దాయన కుడిభుజం ఎడమదానికంటే జానెడు కిందికి వాలి ఉంది. సిలిండర్లు మోసీ మోసీ వాలిన భుజం. మచ్చ చూసింది, చర్మం చూసింది, వెంట్రుకలతో సహా అన్నీ చూసింది. భుజం మాత్రం చూడలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఆ భుజం అలాగే ఉంది. ఆమె కంటికి అదే సమం.

చెల్లెలికి ఫోన్ చేసింది. లైన్ బిజీ. మళ్లీ చేసింది, మళ్లీ బిజీ. ఈలోగా ఇంకో మెసేజ్ వచ్చింది.

‘మా గ్రూపులో పెట్టానే, అందరూ ఒకటే నవ్వు. నీ పేరు పెట్టలేదులే.’

ఎదురుగా, ఫ్లెక్సీ కింద సిలిండర్ల బండి ఆగి ఉంది. ఆమె భర్త బండి దిగి, తన వీపును తాను చూసుకోవడానికి తలెత్తి నిలబడ్డాడు. పైన ఒక భుజం, కింద ఒక భుజం, ఒకే వైపుకు, ఒకే వాలు. కేకేసి పిలుద్దామనుకుంది, కానీ పిలిస్తే అందరూ అటే చూస్తారు.

ఆయన వెనకే పదిపన్నెండు మంది చేతుల్లో ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు.