సూరయ్య అమ్మనన్న చేప

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో సూరయ్య కొట్టుకు పోయి రంగుచేప కొనుక్కు రావడం అంత తేలికైన పని కాదు. ముందు మనల్ని చెక్క స్టూలు మీద కూర్చోబెడతాడు. తొట్టె పొడవెంత, ఇంట్లో బోరు నీళ్ళా కుళాయి నీళ్ళా, పిల్లలెందరు, వాళ్ళలో గుప్పెళ్ళతో మేత పోసే ఘనుడెవడు అని వరసపెట్టి అడుగుతాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరు. అన్నీ విని, "రేపు మీ ఇంటి నీల్లు ఓ సీసాడు అట్టుకురా బాబూ, సూసి సెప్తాను" అని పంపేస్తాడు. వీడి దుంపతెగ అని తిట్టుకుంటూ విజయనగరం పోయి కొనుక్కున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో సగంమంది నెల తిరక్కుండా ఖాళీ తొట్టె కబురుతో మళ్ళీ ఆ స్టూలు మీదికే వచ్చారు.

చిన్న తొట్టె అంటే అతను చెప్పేవి గప్పీలు, మోలీలు, ప్లాటీలు. "ఇవి ఎవుడి జోలికీ పోవు. తింటాయి, తిరుగుతాయి, పిల్లల్ని పెడతాయి. ఇంట్లో మనుసులు ఇలగుంటే సాలదా" అంటాడు. చారలు బాగున్నాయని టైగర్ బార్బులను ఏంజెల్ చేప పక్కన వేస్తే, మూడు రోజుల్లో ఏంజెల్ రెక్కలు పీలికలవుతాయి. మగ ఫైటర్ చేపలు రెండింటిని ఒకే జాడీలో వేయడం ఒక ఒరలో రెండు కత్తులు దూర్చడమే. సరదాకు అలా వేసిన ఒకడిని సూరయ్య మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదు. ఓడిన చేపకు కన్ను లేదు, గెలిచినదానికి తోక లేదు. రెండూ సాయంత్రానికి చచ్చాయి.

చేపల కోపం గురించి అతనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సూరయ్యది పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డు. పద్నాలుగేళ్ళ కిందట, వల ఎవరు కోశారన్న మాట మీద సొంత బావమరిదిని తెడ్డుతో కొట్టాడు. ఒక్క దెబ్బకే మనిషి ఇసకలో పడ్డాడు. పడ్డవాడిని ఎవడైనా వదిలేస్తాడు. సూరయ్య వదల్లేదు. ఎముక విరిగిన చప్పుడు విన్నాక కూడా కొట్టాడు, తెడ్డు విరిగాక విరిగిన ముక్కతో కొట్టాడు. నలుగురు మీద పడి పట్టుకుంటే గానీ ఆగలేదు. ఆ బావమరిది ఈనాటికీ కర్ర లేకుండా నడవలేడు.

నాలుగేళ్ళు జైల్లో ఉన్నాడు. రెండో ఏడు భార్య నీలవేణి పచ్చకామెర్లతో పోయింది. అత్త గున్నమ్మ మనవరాలిని ఎత్తుకుపోతూ, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకల్తో గాని పోదు" అని ఊరందరి ముందూ అంది. అందులో అబద్ధమేముంది, ముసలామె కొడుకునీ కూతురినీ రెండేళ్ళలో పోగొట్టుకున్నంత పనైంది. ఆదివారాలు జైల్లో ప్రార్థన చేయించడానికి వచ్చే కృపానిధిగారికి విశాఖపట్నంలో రంగుచేపల కొట్టు ఉండేది. బయటికొచ్చాక ఆయన పని ఇచ్చాడు. బుట్టలకొద్దీ చేపలు లాగిన చేతులతో వేలెడు చేపను దెబ్బ తగలకుండా ఎత్తడం సూరయ్య అక్కడ నేర్చుకున్నాడు. తర్వాత చీపురుపల్లిలో సొంతంగా ఈ కొట్టు పెట్టాడు.

గున్నమ్మ చనిపోయాక కూతురు శ్రావణి వచ్చింది. అప్పటికి పద్నాలుగేళ్ళ పిల్ల. సంచి కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి, "ఒక్క మాట. నువ్వు మల్లీ ఎవుడి మీదైనా సెయ్యెత్తినావంటే నాకు నాన్న లేడు. ఆ రోజే ఎల్లిపోతాను" అంది. సూరయ్య తలూపాడు. ఆపైన ఏడేళ్ళు ఎంతమంది ఎన్ని అన్నారో. తాగినవాడు మొహాన ఊశాడు, ఆటోవాడు కాలరు పట్టుకున్నాడు. కోపం మెడ దాకా వచ్చినప్పుడల్లా సూరయ్య రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడేవాడు. పిరికివాడని బజారు నవ్వేది. నవ్వనీ, కూతురు ఇంట్లో ఉంది, పిలిస్తే పలుకుతోంది, అతనికి అదే చాలు.

శ్రావణి డిగ్రీ పూర్తి చేసింది. గజపతినగరం దగ్గర ఒక పల్లె పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం చేరాలి. ఆమె మీద ఏ కేసూ లేదని పోలీసుల కాగితం ఒకటి అందాల్సి ఉంది.

ఇంతలో ఇటుకబట్టీల ఉపేంద్ర వచ్చాడు. కొత్త ఇల్లు కట్టాడు. ఈశాన్యంలో గాజుతొట్టె పెట్టి ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప వేయమని వాస్తు చెప్పే ఆయన చెప్పాడట. ఇంటి చెడంతా నల్లది తన మీద వేసుకుంటుందట. అక్కడితో ఆగినా బాగుండేది. తల మీద బుడిపె ఉండే ఫ్లవర్‌హార్న్ చేప కూడా అందులోనే ఉండాలని ఉపేంద్ర కోరిక. బుడిపె ఎంత పెద్దదైతే లక్ష్మి అంత నిలుస్తుందని ఎవడో ఫోనులో వీడియో పెట్టాడు.

"రెండడుగుల తొట్టెలో గోల్డుసేపలు తొమ్మిది ఇమడవు బాబూ. మూడడుగులది పెట్టించు, ఇయి ఇంకా సేపపిల్లలు గనక ఇస్తాను. ఆ బుడిపెది మాత్తరం వద్దు. అది ఒంటరిది. పక్కన తన నీడున్నా పొడుస్తాది" అన్నాడు సూరయ్య.

"డబ్బులిస్తన్నాను గదా. నీకేటి నొప్పి?"

"నాను అమ్మను."

ఉపేంద్ర పళ్ళు కొరికాడు గానీ, మూడడుగుల తొట్టె పెట్టించి తొమ్మిది గోల్డు చేపల్ని తీసుకుపోయాడు. బుడిపె చేపను మటుకు ఇంకెక్కడో కొన్నాడు. చెప్పిన మాట వింటే వాడు ఉపేంద్ర ఎందుకవుతాడు.

శుక్రవారం గృహప్రవేశం. తెల్లవారి పాలు పొంగించాక ఫ్లవర్‌హార్న్‌ను తొట్టెలోకి వదిలారు. ఒక గంట అది మూల నక్కి చూసింది. బంధువులు టిఫిన్ ప్లేట్లతో చుట్టూ చేరేసరికి మొదలెట్టింది. ముందు తోకలు కొరికింది. తోకలు పోయిన గోల్డు చేపలు పక్కకు ఒరిగిపోయి గిరగిరా తిరుగుతుంటే, ఒక్కొక్కదాని కన్ను పొడిచింది, పొట్ట చీల్చింది. పొలుసులు నీళ్ళ మీద తేలాయి, నీళ్ళు ఎర్రబడ్డాయి. చిన్నపిల్లలు కెవ్వుమన్నారు. నల్లది ఫిల్టరు వెనక దాక్కుంటే దాన్ని కూడా లాగి రెండు ముక్కలు చేసింది. ఉపేంద్ర అత్తగారు, "గృహప్రవేశం నాడు ఇంట్లో రగతం సూసినాం" అని ఆకు ముందు కూర్చోకుండానే కారెక్కింది. ఆమె వెనకే సగం బంధువులు లేచారు.

పదకొండు గంటలకు ఉపేంద్ర, తప్పంతా గోల్డు చేపల మీదికే నెట్టి, పట్టుపంచెతోనే సూరయ్య కొట్టుకు వచ్చాడు. వెంట బట్టీ మనుషులు ఇద్దరు ఉన్నారు.

"రోగం సేపలిచ్చి నా కొంప ముంచుతావా?" అంటూ దవడ పగిలేలా కొట్టాడు. సూరయ్య చేతులు చంకల్లోకి పోయాయి. కడుపులో తన్నాడు. సూరయ్య మోకాళ్ళ మీద కూలాడు. చేతులు తీయలేదు. బట్టీ మనుషులు స్టూలు ఎత్తి తొట్టెల మీద వేశారు. ఒక్కొక్క అద్దమే భళ్ళున పగులుతుంటే గప్పీలూ మోలీలూ నీళ్ళతోపాటు రోడ్డు మీదికి కొట్టుకుపోయి చెప్పుల కింద నలిగాయి.

"నన్ను కొట్టు బాబూ. ఆటిని ఒగ్గీ" అన్నాడు సూరయ్య.

ఉపేంద్ర అతని జుట్టు పట్టి ఇనుప స్టాండుకేసి తల బాదాడు. ఒకసారి, రెండుసార్లు. చెవి చిట్లి రక్తం మెడ మీదికి కారింది. సూరయ్యకు ఒళ్ళంతా మండిపోయింది. పక్కనే పగిలిన అద్దం ముక్క ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. వీడి గొంతు ఎంత, అర నిమిషం పని. ఆ నిమిషంలో అతనికి నిజంగా చంపాలనే ఉంది. చప్పుడు విని గుమ్మంలోకి వచ్చిన కూతురు తన చేతుల్నే చూస్తూ ఉంటుందని తలచుకుని వేళ్ళు ఇంకా గట్టిగా బిగించుకున్నాడు.

శ్రావణి చేతుల్ని చూడటం లేదు. స్టాండు కోసం తెచ్చిన ఇనుప ఊచ తీసి వెనక నుంచి ఉపేంద్ర భుజం మీద కొట్టింది. ఎముక విరిగింది. వాడు గాజుముక్కల మీద బోర్లా పడ్డాడు. పడ్డవాడిని ఆ పిల్ల మళ్ళీ కొట్టింది. వాడు అడ్డం పెట్టిన చేతి మీద కొట్టింది, వద్దమ్మా వద్దమ్మా అంటుంటే నడుము మీద కొట్టింది. బట్టీ మనుషులిద్దరూ పరుగు పెట్టారు. ఆమె పళ్ళు బిగబట్టి, నోరు మెదపకుండా, పనిలో ఉన్న మనిషిలా కొడుతోంది.

సూరయ్యకు తన దెబ్బల నొప్పి తెలియలేదు. ఆ కొట్టుడు అతనికి తెలుసు. ఏడేళ్ళు చేతులు కట్టుకుని ఇంట్లోకి రానివ్వనిది, పిల్ల ఒంట్లో పుట్టినప్పటి నుంచీ ఉంది. లేచి వెనకనుంచి వాటేసుకుని ఊచ లాక్కున్నాడు. ఆమె తండ్రి మొహం చూసింది, అప్పుడు తన చేతులు చూసుకుంది.

బజారు జనం మూగేసరికీ, పోలీసు జీపు వచ్చేసరికీ ఊచ సూరయ్య చేతిలోనే ఉంది. "నానే కొట్టినాను" అన్నాడు ఎస్సైతో.

"కాదు సార్, నేను. నేనే కొట్టాను" అంది శ్రావణి.

ఎస్సై కింద మూలుగుతున్న ఉపేంద్రను అడిగాడు. బజారంతా అక్కడే నిలబడి చూస్తోంది. ఆడపిల్ల చేతిలో దెబ్బలు తిన్నానని ఉపేంద్ర చచ్చినా చెప్పడు. "ఈడే కొట్టినాడు" అని సూరయ్యనే చూపించాడు.

జీపు దగ్గర శ్రావణి తండ్రి చొక్కా పట్టుకుని వదల్లేదు. సూరయ్య ఒక్కొక్క వేలే విడదీశాడు.

"సెయ్యెత్తితే ఎల్లిపోతానన్నావు గదా. నానెత్తినాను, అందరూ సూసినారు. సోమారం ఎల్లి ఉద్యోగంలో సేరు" అన్నాడు.

"నాన్నా, అది నేను..."

"నువ్వు ఎవుడినీ కొట్టలేదు. కొట్టవు కూడా. ఎల్లమ్మా."

జీపు కదిలాక ఎస్సై కాగితం తీసి, ఇంతకుముందు కూడా ఇలాంటి కేసే ఉందా అని అడిగాడు. ఉందన్నాడు సూరయ్య. మరి బుద్ధి రాలేదా, ఎందుకు కొట్టావని అడిగాడు ఎస్సై.

"అలవాటండి" అన్నాడు సూరయ్య. ఎస్సై అదే రాసుకున్నాడు.