తడిక చాటున నేను చూసింది

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా పేరు కంటే ఎక్కువగా వినిపించిన మాట ఒకటుంది: 'దీని నోట్లో నువ్వుగింజ నానదు.' అందరూ నవ్వుతూ అనేవాళ్లు, నేనూ పళ్లికిలించేదాన్ని. అది నవ్వే సంగతి కాదని నాకు తొమ్మిదో ఏట తెలిసింది. ఇప్పుడు ఎనభై దాటాయి. ఈ ముచ్చట నా పిల్లలకు కూడా చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

మాది కమలాపురం దగ్గర ఒక పల్లె. ఊళ్లో మా పెదనాయన మాటే మాట. ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త, ఇరవై ఏళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. అప్పటినుంచి మా అందరికీ సంగటి కెలికి పెడుతూ ఆ వంటింట్లోనే బతికింది. మా అమ్మకు వరసగా కాన్పులు కావడంతో నన్ను పెంచింది అత్తే. నాకు జడ వేసేదీ ఆమే, పక్కలో పడుకోబెట్టుకునేదీ ఆమే. ఆమె గొంతు పెంచి మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

దేశంలో మొదటిసారి ఓట్లు వచ్చిన ఏడు మాకు కరువు. కూలికి పోయేవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. మా పెరట్లో నేలలో తవ్విన పాతర నిండా జొన్నలున్నాయి. ధర ఇంకా పెరగనీ అని పెదనాయన దాని మూత తీయనివ్వలేదు. ఓట్లలో మా పెదనాయన నిలబెట్టిన మనిషికి ఎదురు నిలబడిన పక్క ఊరాయన మాత్రం, బడి దగ్గర పెద్ద గంగాళాలు పెట్టించి ఊరికి గంజి పోయించాడు. మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు.

ఓట్ల రోజు మా ఆడవాళ్లందరినీ గూడుబండి ఎక్కించి, మన గుర్తు ఎడమపక్క పెట్టె మీద ఉంటుందని పెదనాయన రెండుసార్లు చెప్పి పంపాడు. అప్పుడు ఇప్పట్లా ముద్రలూ మీటలూ లేవు. నిలబడినవాళ్లకు తలా ఒక పెట్టె. చీటీ తీసుకుని తడిక చాటుకు పోయి నచ్చిన పెట్టెలో వేసి రావడమే. పేరు అడిగితే ఆడవాళ్లు తల వంచుకుని 'ఫలానా ఆయన పెండ్లాం' అంటున్నారు. మా అత్త తన పేరు తాను చెప్పింది. ఆమెకొక పేరుందని నాకు అప్పుడే తెలిసింది.

అత్త కొంగు పట్టుకుని నేనూ తడిక చాటుకు దూరాను. పసిపిల్ల కదా అని ఎవరూ ఆపలేదు. అత్త కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత చీటీని కుడిపక్క పెట్టెలో వేసి నా వైపు చూసింది. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. నన్ను నమ్మింది, పిచ్చి తల్లి.

సాయంత్రం మా వాకిట్లో మంచాల మీద ఊరి పెద్దలంతా చేరారు. గెలుపు మనదేనని లెక్కలు వేసుకుంటున్నారు. పెదనాయన ఆడపిల్లలతో మాట్లాడే మనిషి కాదు. అలాంటిది ఆయన ఆ రోజు ఏ హుషారులో ఉన్నాడో, నన్ను పిలిచి తన పక్కన మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. "ఏం పాపా, నువ్వు గూడా ఓటేసొచ్చినావంట?" అని నవ్వాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఇంకేముంది! లోపలికి పోయానని చెప్పాను, చూశానని చెప్పాను, అత్త కుడిపక్క పెట్టెలో వేసిందని చేత్తో చూపించి మరీ చెప్పాను.

అందరి నవ్వూ ఆగిపోయింది. పెదనాయన అత్తను కేకేసి, "ఈ పాప ఏందో చెప్తాండాది. చూడంది చూసినానంటాండాదా?" అన్నాడు. పరువు కోసం ఆయన ఆమెకు దారి ఇచ్చాడు. అవునన్నా, అది అబద్ధాలకోరు అని ఆమె ఒక్క మాట అంటే చాలు. నాకు రెండు దెబ్బలు పడేవి, అంతటితో సరిపోయేది.

అత్త గడపలో నిలబడి నన్ను చూసింది. "లేదన్నా. పాప నిజమే చెప్తాండాది. మన పాతర మూసుకోనుంటే, ఊరికి గంజి పోసినాడు ఆయప్ప. ఆయప్పకే ఏసినా," అంది.

పెదనాయన చెయ్యెత్తలేదు. "నా కూడు తింటా నా తల తీసేసినావు. తెల్లారితే నా కండ్ల పడొద్దు," అన్నాడు. మా నాయన నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

పొద్దున్నే అత్త మూట కట్టుకుంది. "పాపా, యాడుండావే? జడ ఏసి పోతా, రా," అని పిలిచింది. నేను జొన్నగాదె వెనక నక్కి ఉన్నాను. మళ్లీ పిలిచింది. వాగకూడనప్పుడు వాగిన నోరు, కావలసినప్పుడు పెగల్లేదు. ఆమె కాసేపు చూసి బస్సుకు వెళ్లిపోయింది.

కడపలో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరి, అక్కడే ఉండిపోయింది. నా పెళ్లయ్యాక వెతుక్కుంటూ వెళ్లి ఆమె ఒళ్లో పడి ఏడ్చాను. "నువ్వు అబద్ధం చెప్పినావా ఏంది, ఏడ్సేదానికి? నిజమే కదా. కాకుంటే అది నేను చెప్పుకోవాల్సిన నిజం తల్లీ," అని నా తల నిమిరింది. ఆ మాట నాకు జీవితమంతా పనికొచ్చింది. ఒకరి సంగతి తెలిసినా, అది వాళ్లు చెప్పేదాకా నేను పెదవి విప్పను.

ఆమె క్షమించింది, ఒప్పుకుంటాను. అత్తను పట్టిచ్చానన్న బాధ కూడా వయసుతో కొంత నెమ్మదించింది. కానీ ఆ సాయంత్రం, అంత మంది పెద్దవాళ్లు నా నోటి వంక చూస్తుంటే, నాకు ఎంత సంతోషం కలిగిందో! అది ఇన్నేళ్లకూ నాకు అంతే తీయగా గుర్తుంది. నా సిగ్గంతా దానికే.