ఎండిన బావిలోంచి తడిసి వచ్చిన మోతీ

దయ్యాలు, గాలి సోకడాలు మా ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు. నాన్న హైస్కూల్లో సైన్సు మేష్టరు. నేనూ ఆయన దారిలోనే పెరిగాను. ఇప్పటికీ నమ్మను. అయినా చూసింది చెప్పాలి.

ఎనభైల చివర్లో దసరా సెలవులకు మా కుటుంబమూ, బాబాయిల, అత్తల కుటుంబాలూ అందరం కలిసి నాలుగు రోజులు ఎక్కడైనా ఉందామనుకున్నాం. అడిగిన ప్రతిచోటా మా కుక్క మోతీని మాత్రం రానివ్వం అన్నారు. వై.ఎన్.హొసకోటలో వేరుశెనగ వ్యాపారి ఒకాయనకు అరసికెరె దగ్గర పొలంలో పెద్ద ఇల్లు ఉండేది. ఎంతమంది వచ్చినా ఇచ్చేవాడు. కుక్కనూ తెచ్చుకోమన్నాడు.

ఇల్లు చూసుకునే నరసింహప్ప, ఆయన భార్య లక్ష్మమ్మ పక్కనే గుడిసెలో ఉండేవారు. వాళ్ళ సొంత వేరుశెనగ చేను ఇంటి వెనకే. అంతకు ముందు రెండేళ్ళూ పంట పోయింది. ఆ ఏడు మొక్క బాగానే లేచింది కానీ, కాయ ఊరే సమయానికి వాన ముఖం చాటేసింది. ఒక్క తడి పెడితే పంట నిలిచేది. చేని గట్టున బావి ఉంది, ఎప్పుడో ఎండిపోయింది. తాగే నీళ్ళు కూడా బండి మీద పీపాల్లో తెచ్చేవారు.

రెండో రోజు మధ్యాహ్నం మోతీ ఒళ్ళంతా తడిసి వచ్చింది. నీళ్ళు దుబారా చేసి కుక్కకు స్నానం చేయించారని అత్త మమ్మల్ని తిట్టింది. మేమెవరమూ దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు నేనూ మా చెల్లీ దాని వెనకే వెళ్ళాం. అది బావి మెట్లు దిగి అడుగున పడుకుంది. అడుగంతా నెర్రెలిచ్చిన మట్టి. ఎంతసేపు చూసినా కదల్లేదు. విసుగొచ్చి ఇంటికి మళ్ళాం. సగం దూరం రాకముందే అది మా వెనక నీళ్ళోడుతూ వచ్చి, పక్కన నిలబడి విదిలించుకుంది.

చేలో ఉన్న నరసింహప్పమీద చినుకులు పడ్డాయి. ఆయన దాని వీపు మీద చెయ్యి అదిమి, అరచెయ్యి నాలుకకు ఆనించుకున్నాడు. ఆ చుట్టుపక్కల ఏ నీళ్ళైనా ఉప్పగా ఉంటాయి.

"తియ్యగా ఉండాయి" అన్నాడు మెల్లగా.

నాన్న స్వయంగా బావిలోకి దిగాడు. గోడలు తట్టాడు, నెర్రెల్లో కర్ర దింపాడు. చెమ్మ లేదు. నీళ్ళు లేవప్పా, నేనే దిగి చూసినాను కదా అని చెప్పాడు.

"మరి అది యాడ తడిసినాది సార్?" అని అడిగాడు నరసింహప్ప.

నాన్న కర్ర తీసుకుని మళ్ళీ బావిలోకి దిగాడు.

ఆ రోజు నుంచే భార్యాభర్తలు బావిలో తవ్వడం మొదలుపెట్టారు. బాబాయిలు వద్దన్నారు, తర్వాత వాళ్ళూ దిగి సాయం చేశారు. గంప తర్వాత గంప పైకొచ్చింది, అంతా పొడి మట్టే. మేం ఊరికి బయలుదేరే రోజు నరసింహప్ప నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కుక్కను ఈడే ఇడిసిపోండి సార్. పైరు చేతికొచ్చేదాకా చాలు."

మేం ఏడ్చాం. నాన్న చేనువైపు చూసి, మోతీ తాడు ఆయన చేతికిచ్చాడు.

కొన్ని వారాల తర్వాత నాన్న మోతీని తీసుకురావడానికి ఒక్కడే వెళ్ళాడు. కాయ పట్టని మొక్కల్ని పశువుల మేతకు పీకి కుప్ప వేశారట. లక్ష్మమ్మ సామాను మూట కడుతోంది, బెంగళూరులో మట్టి పనికి పోవడానికి. బావి మాత్రం చాలా లోతుకు దిగింది. మోతీ బాగా మేపిన కుక్కలా నున్నగా ఉందట.

"దినామూ దిగినాది సార్. దినామూ తడిసే వచ్చినాది" అన్నాడట నరసింహప్ప. "నేను తవ్వితే దుమ్మే."

ఆ మాట చెబుతూ ఆయన తాడు అందించాడు. తాడు తడిగా ఉందని నాన్న చెప్పాడు. నాకు ఈ రోజుకీ అది అంతుపట్టలేదు.